ఆశ్చర్యార్థకం: ఎటు పక్క పెట్టాలి, దేనికి అతికించాలి

షిఫ్ట్ పట్టుకుని 1 కొడితే వచ్చే ! గుర్తుకు బళ్లో నేర్పిన పేరు ఆశ్చర్యార్థకం. సగం తిప్పలకు ఆ పేరే మూలం. లెక్కల సారుకు అది గుణకారం, ప్రోగ్రాం రాసేవాళ్లకు ‘కాదు’, ఎక్సెల్‌కు షీటుకీ గడికీ మధ్య గుమ్మం, చదరంగంలో శభాష్, మెకానిక్‌కు బ్రేకు. ఎక్కడ ఏ అర్థమో పట్టుకోవాలంటే రెండు సంగతులు చూడాలి: గుర్తు దేనికి ఎటు పక్క ఉంది, మధ్యలో ఖాళీ ఉందా లేదా. తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి దగ్గరే జరుగుతాయి.

ముందు అసలు గుర్తేనా చూడండి

కంప్యూటర్‌లో దీని సంఖ్య 33, యూనికోడ్‌లో యూ+0021 (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే పద్ధతి యూనికోడ్). దీన్ని పోలినవి ఇంకా ఉన్నాయి. ‼ అనేది రెండు గుర్తులు కాదు, ఒకే అక్షరం. ❗ ఎమోజీ. ¡ స్పానిష్‌ది. ఇవన్నీ వాట్సాప్ నుంచి కాపీ చేసిన మ్యాటర్‌లో కలిసిపోయి వస్తాయి. ఫ్లెక్సీకో కరపత్రానికో ఆ మ్యాటర్ పేస్ట్ చేస్తే, మీ తెలుగు ఫాంటులో ఆ అక్షరం లేనప్పుడు దాని చోట ఖాళీ డబ్బా పడుతుంది. ప్రింటుకు పంపే ముందు ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి ‼, ❗ రెంటినీ మామూలు ! గా మార్చేయండి.

పాత నాన్‌యూనికోడ్ తెలుగు ఫాంట్లతో ఇంకో గొడవ. వాటిలో తెలుగు ఒత్తులు, గుణింతపు ముక్కలు ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లో కూర్చున్నాయి. అలాంటి ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తు ఉండాల్సిన చోట ! తేలడం, ! ఉండాల్సిన చోట ఒత్తు దిగడం జరుగుతుంది. మార్చిన ఫైలులో ! కోసం వెతికి, పదం నడిమిట్ల కనబడ్డ ప్రతిదాన్నీ పాత ప్రింటుతో పోల్చి చూడాలి. దీనికి అడ్డదారి లేదు.

ఫోన్‌లో జీబోర్డు వాడేవాళ్లు అంకెల పేజీకి వెళ్లనక్కర్లేదు. చుక్క మీద వేలు కొంచెంసేపు నొక్కి ఉంచితే ! పైకి వస్తుంది. ఒకప్పటి టైప్‌రైటర్లలో చాలావాటికి ఈ గుర్తుకు కీ కూడా లేదు. పైన కొమ్ములాంటి అపోస్ట్రఫీ కొట్టి, ఒక అడుగు వెనక్కి జరిపి, దాని కిందే చుక్క కొట్టేవాళ్లు.

తెలుగు వాక్యంలో

తాటాకు ప్రతుల్లో ఈ గుర్తు లేదు. అచ్చుతోపాటు వచ్చి తెలుగులో స్థిరపడింది. అందుకే ఇంగ్లీషు అలవాట్లు కొన్ని దీనితో కలిసి వచ్చాయి, కొన్ని మనవే పుట్టాయి.

ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఈ వరుసలో చూడండి.

1. వాక్యంలో ‘ఎంత, ఎన్ని, ఎట్లా’ లాంటి మాట ఉండి, క్రియ చివర ‘ఓ’ వచ్చిందా? ‘ఎంత ఎండ కొడుతుందో!’ అన్నప్పుడు గుర్తు కావాలి. ‘ఎంత ఎండ కొడుతుంది?’ అంటే ప్రశ్న. ‘ఎంత ఎండ కొడుతుందో చూసి బయల్దేరు’ అన్నప్పుడు ‘ఓ’ ఉన్నా ఆశ్చర్యం లేదు, వాక్యం ముందుకు సాగింది. అక్కడ ! పెడితే వాక్యం నడుం విరుగుతుంది.

2. అయ్యో, అబ్బ, వామ్మో, ఓర్ని, శభాష్ లాంటి మాట విడిగా నిలబడిందా? గుర్తు దానికే అతికించండి: ‘వామ్మో! గింత పెద్ద గుమ్మడికాయనా?’ ఆ మాట వాక్యంలో కలిసిపోతే గుర్తు చివరికి జరుగుతుంది: ‘అబ్బ ఎంత మాట అన్నవే!’ ఒకే వాక్యంలో రెండుచోట్లా పెట్టొద్దు.

3. ఎవర్నైనా పిలుస్తున్నారా? ‘మిత్రులారా!’, ‘అయ్యా!’, ‘తల్లీ!’ ఇది తెలుగు అచ్చులో గట్టిగా నాటుకున్న వాడుక. సంబోధన తరువాత ఇంగ్లీషువాళ్లు కామా పెట్టేచోట మనం ! పెడతాం. శతక పద్యాల మకుటం చివర కనబడేది కూడా ఈ పిలుపు గుర్తే, ఆశ్చర్యం కాదు. వినతిపత్రంలో ‘అయ్యా,’ అన్నా ‘అయ్యా!’ అన్నా తప్పు లేదు. ఒక అర్జీలో మాత్రం ఒకే పద్ధతి నడవాలి.

4. ఆజ్ఞా వాక్యమా? ‘తలుపు వెయ్యి.’ చుక్క చాలు. గుర్తు పెడితే కేక అయిపోతుంది. జర్మన్‌లో ఆజ్ఞకు ! పెట్టే ఆనవాయితీ ఉంది; తెలుగులో లేదు.

ఇక ఖాళీల సంగతి. గుర్తుకు ముందు ఖాళీ ఉండదు, తరువాత ఒకటి ఉంటుంది. దీని నష్టం ఫ్లెక్సీ మీద స్పష్టంగా తెలుస్తుంది. ‘జన్మదిన శుభాకాంక్షలు !’ అని మధ్యలో స్పేస్ కొట్టారనుకోండి. సాఫ్ట్‌వేర్‌కు ! ఒక విడి మాటలా కనబడుతుంది. అక్షరం సైజు పెంచి లైను నిండగానే ‘శుభాకాంక్షలు’ పై లైనులో ఆగి, ! ఒక్కటీ కింది లైను మొదట్లో పాతిన గుంజలా నిలబడుతుంది. గడియారం సెంటర్‌లో ఫ్లెక్సీ కట్టేదాకా ఎవరూ చూడరు, చూశాక దించరు. స్పేస్ తీసేస్తే గుర్తు పదంతోపాటే కిందికి దిగుతుంది. అక్షరానికి మరీ అంటుకున్నట్టు అనిపిస్తే స్పేస్ కొట్టకుండా కెర్నింగ్ (అక్షరాల మధ్య ఎడం) పెంచండి. ముఖ్యంగా ‘శభాష్!’ లాంటి పొల్లుతో ముగిసే మాటల్లో, పొల్లు గీత పోయి గుర్తుకు తగిలే ఫాంట్లు ఉన్నాయి.

కోట్ చేసినప్పుడు గుర్తు ఎవరిదో చూసుకోవాలి. “అయ్యో!” అన్నది అవ్వ. ఇక్కడ అరుపు అవ్వది, గుర్తు కోట్ లోపల ఉంటుంది, తరువాత కామా అక్కర్లేదు. అవ్వ మామూలుగా అన్నమాటకు రాసేవారు ఆశ్చర్యపోతే గుర్తు బయట. ప్రశ్న, ఆశ్చర్యం రెండూ కలిస్తే ప్రశ్న ముందు: ‘నువ్వా?!’ ఈ రెంటినీ ఒకే గుర్తుగా కలిపి ‽ అని 1962లో అమెరికాలో మార్టిన్ స్పెక్టర్ అనే ప్రకటనల మనిషి తయారుచేశాడు. తెలుగులో దాన్ని ఎవరూ వాడరు, వాడే అవసరమూ లేదు.

మూడు గుర్తులు పక్కపక్కన పెడితే ఆశ్చర్యం మూడింతలు కాదు. ఫ్లెక్సీ మీద ఒక్కటి పెద్దగా ఉంటేనే దూరం నుంచి ఆనుతుంది. మూడు గుర్తులు మసకగా కంచె కట్టినట్టుంటాయి. ‘కన్నీటి నివాళి’, ‘దశదిన కర్మ’ కార్డుల్లో అసలే వద్దు. పుట్టినరోజు టెంప్లేట్ తెరిచి పేరు, ఫొటో మార్చి శ్రద్ధాంజలి చేసేచోట ఈ పొరపాటు దొర్లుతుంది. ఫొటో మారుతుంది, పాత గుర్తు అట్లనే ఉంటుంది.

తెలుగు పత్రికల శీర్షికల్లో ! కు ఇంకో పని ఉంది, వ్యాకరణ పుస్తకాల్లో దీని ఊసు ఉండదు. ‘కొత్త మండలాలపై త్వరలో ప్రకటన!’ అని హెడ్డింగ్ వస్తే అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆ గుర్తును ‘అట’ అని చదువుకోవాలి. వార్త ఇంకా ఖాయం కాలేదు, అనుకుంటున్నారు అని దాని అర్థం. పత్రిక చదివే అలవాటున్నవాళ్లు ఇది చెప్పకుండానే పట్టేస్తారు. అదే శీర్షికను ఊరి వాట్సాప్ గ్రూపులోకి కాపీ చేస్తే మాత్రం చదివేవాళ్లు ‘అట’ను వదిలి ‘ప్రకటన’ను పట్టుకుంటారు. ఖాయం కాని సంగతి పంపేటప్పుడు గుర్తు మీద భారం వేయకుండా ‘అని తెలిసింది’, ‘అంటున్నారు’ అని రాసేయండి.

లెక్కల్లో: అంకె వెనకాల

ఇంటర్ లెక్కల్లో ప్రస్తారాలు, సంయోగాలు మొదలుపెట్టగానే ఈ గుర్తు ఎదురవుతుంది. 1808లో క్రిస్టియన్ క్రాంప్ అనే గణితవేత్త పెట్టిన సంకేతం ఇది. అంకె తరువాత ! ఉంటే ఆ అంకె నుంచి 1 దాకా అన్నిటినీ గుణించాలి. 5! = 5×4×3×2×1 = 120. పేరు ఫ్యాక్టోరియల్.

0! = 1 అంటే పిల్లలకు మింగుడుపడదు. మెట్లు దిగి చూపించండి. 4! = 24. దాన్ని 4తో భాగిస్తే 3! = 6. 3తో భాగిస్తే 2! = 2. 2తో భాగిస్తే 1! = 1. 1తో భాగిస్తే 0! = 1. అదే వరుస, ఇంకో మెట్టు.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. నల్గొండ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మొత్తం 8 అక్షరాలు: ఎన్, ఏ, ఎల్, జీ, ఓ, ఎన్, డీ, ఏ. వీటిని ఎన్ని వరుసల్లో పేర్చవచ్చు?

మొదట 8! = 40320. ఇందులో ఎన్ రెండుసార్లు, ఏ రెండుసార్లు వచ్చాయి. ఆ జంటలను అటూ ఇటూ మార్చినా మాట మారదు, కాబట్టి ఒక్కో జంటకు 2! తో భాగించాలి. 40320 ÷ (2! × 2!) = 40320 ÷ 4 = 10080. సూర్యాపేటకు ఇంగ్లీషులో వాడుకలో ఉన్న స్పెల్లింగ్‌లోనూ 8 అక్షరాలే, అయితే ఒక్కటీ మళ్లీ రాదు. 40320 వరుసలూ నిలబడతాయి. మహబూబ్‌నగర్‌కు ఇంగ్లీషులో హెచ్ తరువాత ఏ లేని స్పెల్లింగ్‌లో 11 అక్షరాలు, ఏ మూడు, బీ రెండు: 11! ÷ (3! × 2!) = 39916800 ÷ 12 = 3326400. తప్పు ఎక్కువగా పడేది మూడు ఏల దగ్గర. 3! అంటే 6, తొందర్లో 3తో భాగించేస్తారు.

మార్కులు పోయే మరికొన్ని చోట్లు:

(2+3)! అంటే 5! = 120. 2! + 3! అంటే 8. బ్రాకెట్ లేకపోతే గుర్తు తనకు ఆనుకుని ఉన్న అంకెనే పట్టుకుంటుంది. అందుకే 2×3! విలువ 12, (2×3)! విలువ 720.

8! ÷ 6! కు రెంటినీ పూర్తిగా గుణించకండి. 8! = 8×7×6!, కాబట్టి 6! కొట్టేస్తే 56.

3!! కనబడితే రెండుసార్లు ఫ్యాక్టోరియల్ అనుకోవద్దు. అది డబుల్ ఫ్యాక్టోరియల్. ఒకటి విడిచి ఒకటి గుణించాలి. 3!! = 3×1 = 3, 7!! = 7×5×3×1 = 105. రెండుసార్లు చేయాలంటే (3!)! అని రాయాలి, అది 720.

గుర్తు అంకెకు ముందుకు వెళ్తే అర్థం పూర్తిగా మారిపోతుంది. !4 అంటే సబ్‌ఫ్యాక్టోరియల్. నలుగురు పానగల్ ఛాయా సోమేశ్వరాలయం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లారనుకోండి. చీకట్లో బయటికొచ్చి తలా ఒక జత తొడుక్కున్నారు. ఏ ఒక్కరి కాళ్లకూ తమ జత పడకుండా ఉండే పద్ధతులు ఎన్ని? అదే !4. మొత్తం 4! = 24 పద్ధతుల్లో 9. ముగ్గురైతే 2, ఐదుగురైతే 44.

జేబు క్యాలిక్యులేటర్ సాధారణంగా 69! దాకా చూపి 70! దగ్గర ఎర్రర్ ఇస్తుంది. మెషీన్ పాడు కాలేదు; 70! విలువ 10 టు ది పవర్ 100 దాటింది, తెరకు ఘాతంలో రెండు అంకెలే చోటు. ఎక్సెల్ 170! దాకా ఓర్చుకుంటుంది. ప్రోగ్రాంలో 32 బిట్ల పూర్ణాంకం పెట్టుకుంటే 12! దాకానే సరైన జవాబు. 13! నుంచి ఎర్రర్ రాకుండానే తప్పు అంకె వస్తుంది, ఇది అన్నిటికన్నా ప్రమాదం. 64 బిట్లకు హద్దు 20!.

లెక్కల వ్యాసం రాసేవాళ్లకు ఒక మాట: ‘చూశారా, జవాబు 5!’ అని వాక్యం ముగించకండి. చదివేవాళ్లు 120 అనుకుంటారు.

ఎక్సెల్‌లో: షీటుకీ గడికీ నడుమ

పత్తి తూకాల లెక్క నెలకో షీటులో ఉందనుకుందాం. ‘అక్టోబర్ తూకం’ షీటులో బి14 గడిలో నెల మొత్తం ఉంది. దాన్ని ‘మొత్తం’ షీటులోకి తేవాలి.

1. ‘మొత్తం’ షీటులో కావలసిన గడి మీద నిలబడి = కొట్టండి.
2. కింద ‘అక్టోబర్ తూకం’ ట్యాబ్ నొక్కండి, బి14 మీద క్లిక్ చేయండి, ఎంటర్ కొట్టండి.
3. ఫార్ములా ='అక్టోబర్ తూకం'!బి14 అన్న రూపంలో పడుతుంది (గడి పేరు తెర మీద ఇంగ్లీషు అక్షరంతో ఉంటుంది). గుర్తుకు ఎడమన షీటు, కుడిన గడి.

చేత్తో టైప్ చేసేవాళ్లు తప్పేది ఒంటి కోట్ల దగ్గర. షీటు పేరులో ఖాళీ ఉంటే పేరుకు రెండు వైపులా ఒంటి కోట్లు తప్పనిసరి; ! ఆ కోట్ల బయట. లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో ఇదే పనికి మామూలుగా ! బదులు చుక్క నడుస్తుంది. ఇక్కడి ఫార్ములా అక్కడ నకలు చేసి పని చేయలేదని తిట్టుకోవద్దు.

అక్టోబర్ నుంచి జనవరి దాకా అన్ని షీట్లలో బి14 కూడాలంటే =సమ్('అక్టోబర్ తూకం:జనవరి తూకం'!బి14) పద్ధతి ఉంది. ఇక్కడ ఎక్సెల్ పేర్లు చూసి కూడదు, ట్యాబులు కింద ఏ వరుసలో ఉన్నాయో చూసి ఆ రెంటి మధ్యవన్నీ కూడుతుంది. ఎవరైనా ‘డిసెంబర్ తూకం’ ట్యాబును లాగి జనవరి అవతల పెడితే డిసెంబర్ తూకం మొత్తంలోంచి జారిపోతుంది. ఎర్రర్ రాదు, అంకె తగ్గుతుంది అంతే. మొత్తం తేడా వచ్చినప్పుడు ఫార్ములా కంటే ముందు ట్యాబుల వరుస చూడండి.

చివర ! తో వచ్చేవి ఎర్రర్లు. #రెఫ్! అంటే ఫార్ములా చూస్తున్న గడో షీటో ఎవరో తీసేశారు. షీటు డిలీట్ చేస్తే మామూలుగా కంట్రోల్ జెడ్‌తో తిరిగి రాదు. సేవ్ చేయకుండా మూసి మళ్లీ తెరవడం ఒక దారి. #డివ్/0! అంటే సున్నాతోనో ఖాళీ గడితోనో భాగించారు. ఎకరాల గడి నింపకుండా ఎకరానికి దిగుబడి తీస్తే వచ్చేది ఇదే. #వాల్యూ! అంటే అంకె ఉండాల్సిన గడిలో ‘12 క్వింటాళ్లు’ అని మాటలు కూడా రాశారు. గడిలో 12 మాత్రమే ఉంచి, క్వింటాళ్లు అనే మాట కాలమ్ పైన శీర్షికలో రాయండి. #నమ్! అంటే అంకె ఎక్సెల్ మోయలేనంత పెద్దది. ఫ్యాక్ట్ ఫంక్షన్‌కు 171 ఇచ్చి చూడండి.

ప్రోగ్రాముల్లో: ముందు నిలబడి కాదంటుంది

సీ, జావా, జావాస్క్రిప్ట్ లాంటివాటిలో పేరుకు ముందు ! ఉంటే ‘కాదు’. !వర్షం అంటే వర్షం లేదు. != అంటే సమానం కాదు; రెంటి మధ్య ఖాళీ వస్తే ఎర్రరే. తెలియకుండా దొర్లేది ఇది: !అ == ఆ అని రాస్తే ‘అ, ఆ సమానం కావు’ అనే అర్థం రాదు. గుర్తు మొదట అ ను పట్టుకుని తిరగేసి, ఆ తరువాత ఆ తో పోలుస్తుంది. కావలసింది !(అ == ఆ), లేదంటే సూటిగా అ != ఆ. పైథాన్‌లో ‘కాదు’కు ! లేదు, నాట్ అని రాయాలి; != మాత్రం ఉంది.

వెబ్ పేజీలో <!-- ఈ ముక్క తెర మీద కనబడదు --> అన్నది దాచిన రాత. < కూ ! కూ మధ్య ఖాళీ వచ్చినా, ! మర్చిపోయినా దాచింది బయటపడుతుంది. వర్డ్‌లో రాసి తెచ్చి పేస్ట్ చేస్తే రెండు చిన్న గీతలు ఒక పొడుగు గీతగా మారొచ్చు, అప్పుడు అది సరైన దాపు గుర్తు కాదు.

మార్క్‌డౌన్‌లో (సాదా గుర్తులతో వెబ్ రాత దిద్దే పద్ధతి) [ఉదయసముద్రం](లింకు) అంటే లింకు, ![ఉదయసముద్రం](లింకు) అంటే ఫొటో. ! కూ [ కూ మధ్య ఖాళీ పడితే ఫొటో రాదు, ఒక ఆశ్చర్యార్థకం, పక్కన ఒక లింకు కనబడతాయి.

లినక్స్ టెర్మినల్‌లో బాష్ (కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాం) వాడేవాళ్లకు !! అంటే ఇంతకుముందు కొట్టిన కమాండ్ మళ్లీ, !$ అంటే దాని చివరి మాట. సుడో (అడ్మిన్ హక్కుతో నడపమనే మాట) మర్చిపోతే సుడో !! కొడితే చాలు. ఈ సౌకర్యమే పాస్‌వర్డుల దగ్గర అడ్డం తిరుగుతుంది. పాస్‌వర్డులో ! ఉండి, దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టి కొడితే బాష్ దాన్ని పాత కమాండ్ పిలుపు అనుకుని ‘ఈవెంట్ నాట్ ఫౌండ్’ అంటుంది. సింగిల్ కోట్స్‌లో పెట్టండి, ముట్టుకోదు. స్క్రిప్ట్ ఫైలు లోపల ఈ బాధ మామూలుగా ఉండదు, చేత్తో కొట్టేటప్పుడే. స్క్రిప్ట్ మొదటి లైనులో ఉండే #! వేరు, ఆ ఫైలును ఏ ప్రోగ్రాంతో నడపాలో చెబుతుంది. దానికి ముందు ఖాళీ లైను కూడా ఉండకూడదు.

చదరంగంలో: ఎత్తు వెనకాల

ఎత్తు రాశాక ! పెడితే మంచి ఎత్తు, !! అద్భుతం, ? తప్పు, ?? ఘోరం. !? ఆలోచించదగ్గది, ?! అనుమానించదగ్గది, ముందు ఏ గుర్తుంటే మొగ్గు అటు. ఇవి ఆట అయ్యాక విశ్లేషణలో పెట్టేవి. టోర్నమెంట్ ఆడుతూ స్కోర్‌షీటులో పెడితే నోట్సు రాసుకుంటున్నట్టే లెక్క, ఆర్బిటర్ అభ్యంతరం చెబుతారు. పిల్లల్ని పోటీకి పంపేముందు ఈ ముక్క చెప్పండి.

డబ్బా మీద, డాష్‌బోర్డు మీద

ఎర్ర అంచు డైమండ్‌లో నల్లటి ! ఉంటే అది ప్రపంచమంతా నడిచే రసాయన హెచ్చరిక గుర్తుల్లో ఒకటి. మింగితే హాని, చర్మం మీద మంట, కళ్ల మంట, గొంతు గరగర, మత్తు, ఈ జాతి ప్రమాదాలకు పెడతారు. పుర్రె గుర్తు వచ్చేంత విషం కాదని దాని అర్థం. విషం లేదని కాదు.

పురుగుమందు డబ్బాలకు మన దేశంలో లెక్క వేరు. 1971 నాటి క్రిమిసంహారక నియమాల ప్రకారం డబ్బా మీది డైమండ్ గుర్తులో కింది త్రికోణం రంగు చూడాలి: ఎరుపు అన్నిటికన్నా విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పత్తికి కొట్టే మందు మీద ! కనబడలేదని తేలిగ్గా తీసుకోవద్దు. ఆకుపచ్చదైనా చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, గాలికి ఎదురుగా కొట్టని జాగ్రత్త తప్పవు.

కారులో ఎర్ర గుండ్రటి గీత లోపల ! వెలిగితే బ్రేకు సంగతి. హైదరాబాద్–విజయవాడ దారిలో నార్కట్‌పల్లి దాటాక వెలిగిందనుకోండి:

1. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దిగిందా చూడండి. చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.
2. దిగినా ఆరకపోతే మెల్లగా ఎడమకు తీసి ఆపండి. పెడల్ మెత్తగా కిందికి దిగుతుంటే బండి కదపకండి, మెకానిక్‌ను పిలవండి.
3. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. కింది గీతకన్నా తగ్గితే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. ఆయిల్ పోస్తే లైటు ఆరుతుంది, జబ్బు దాక్కుంటుంది.
4. పోయక తప్పదంటే మూత మీద రాసిన డాట్ నంబర్‌దే పోయాలి. ఇంజన్ ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి.

పసుపుపచ్చ లాడం ఆకారంలో ! అయితే టైర్ల గాలి. నిలకడగా వెలిగితే గాలి తగ్గింది. బండి స్టార్ట్ చేయగానే నిమిషంపాటు మిణుకుమని ఆ తరువాత నిలబడితే సెన్సార్‌దో సిస్టందో లోపం. గాలి కొలత టైరు చల్లగా ఉన్నప్పుడే తీయాలి. ఎండాకాలం జడ్చర్ల దాకా నడిపి వెంటనే కొలిస్తే ఎక్కువ చూపుతుంది, దాన్ని నమ్మి గాలి తీస్తే తెల్లారి మళ్లీ లైటు.

వైఫై గుర్తు పక్కన ! ఉంటే రౌటర్‌తో కలిసింది, నెట్ రావడం లేదు. విండోస్ డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణంలో ! ఉంటే డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) గొడవ. దాని మీద రెండుసార్లు నొక్కితే కోడ్ నంబర్ కనబడుతుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ ఎక్కించనే లేదు.

వేరే భాషల్లో

స్పానిష్‌లో వాక్యం మొదట్లో తలకిందుల గుర్తు, చివర మామూలుది: ¡...! విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద 0161 కొడితే వస్తుంది. ఫ్రెంచ్‌లో గుర్తుకు ముందు సన్నటి ఖాళీ ఉండాలి; ఆ అలవాటు తెలుగులోకి తేవద్దు.

ఆఫ్రికా దక్షిణ భాగంలో ఖోయ్‌సాన్ భాషల్లో ఇది ఏకంగా అక్షరం. ǃకుంగ్ అనే పేరులో మొదటిది హల్లు. నాలుక కొనను పైపళ్ల వెనక అంగిలికి గట్టిగా ఆనించి, ఒక్కసారి కిందికి లాగితే సీసా బిరడా ఊడినట్టు ‘టక్’ మంటుంది; అదీ దాని ఉచ్చారణ. బండెద్దులను అదిలిస్తూ చెంప పక్క నుంచి తీసే శబ్దం ఇంకొకటి, దానికి ǁ అని రెండు నిలువు గీతలు రాస్తారు. జులూ, షోసా భాషల్లో మొదటి శబ్దానికి ఇంగ్లీషు క్యూ అక్షరమే వాడతారు. టైప్ చేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఈ ǃ సంఖ్య యూ+01సీ3, మన షిఫ్ట్ 1 ది కాదు. షిఫ్ట్ 1 కొట్టి రాసిన పేరు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ ఫైలులో వెతికితే దొరకదు, లైను చివర విరిగిపోతుంది కూడా.